రికార్డింగ్ నేర్చుకుంటున్నారా? ఈ పుస్తకాలు, ఈ వరుసలో

సౌండ్ రికార్డింగ్ మీద ఇంగ్లీషులో మంచి పుస్తకాలు చాలానే ఉన్నాయి. ఏది ముందు చదవాలో, ఏది ఆరు నెలలు ఆగి చదవాలో చెప్పేవాళ్లే తక్కువ. అందుకే చాలామంది మాస్టరింగ్ (పూర్తయిన పాటకు చివరి మెరుగులు దిద్దడం) పుస్తకంతో మొదలుపెడతారు. గదిలో గొంతు ఎందుకు బొంయ్‌మంటోందో తెలియకుండానే లిమిటర్ (శబ్దాన్ని ఒక గీత దాటనివ్వని సాధనం) సెట్టింగుల దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోతారు.

ఇంకో చిక్కు దీనికన్నా పెద్దది. ఈ పుస్తకాల్లో ఎక్కువ భాగం అమెరికాలో రాసినవి. అక్కడి ఇళ్ల గోడలు చాలామటుకు చెక్క చట్రం మీద బిగించిన జిప్సం బోర్డులు. కరెంటు 60 హెర్ట్జ్. మైకు ముందు ఉండేది డ్రమ్ కిట్టు, లేకపోతే గిటారు. మనది ఇటుక గోడ, సిమెంటు స్లాబు, టైల్స్ నేల. కరెంటు 50 హెర్ట్జ్. మైకు ముందు మృదంగమో వీణో డప్పో ఉంటుంది. కాబట్టి పుస్తకంలో కనిపించిన అంకెను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే పని జరగదు. ఆ అంకె ఎందుకు వచ్చిందో పట్టుకుని, మన గదికి మళ్లీ లెక్క వేసుకోవాలి. కింద చెప్పే ప్రతి పుస్తకాన్నీ ఈ పద్ధతిలోనే చదవమంటాను. ఒక అధ్యాయం చదవగానే దానికి సంబంధించిన ఒక చిన్న పరీక్ష అదే రోజు చేయాలి.

ముందు చేతిలో ఉన్న మాన్యువల్

మొదటి పుస్తకానికి డబ్బు పెట్టక్కర్లేదు. మీ ఆడియో ఇంటర్‌ఫేస్‌తో, అంటే మైకును కంప్యూటరుకు కలిపే పెట్టెతో, వచ్చిన మాన్యువల్, మీరు వాడే సాఫ్ట్‌వేర్ గైడ్ చాలు. ఇంటర్‌ఫేస్ మాన్యువల్లో నాలుగు సంగతులు వెతకండి: మైక్ ఇన్‌పుట్ ఎంత లెవెల్ వరకు తట్టుకుంటుంది, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైకుకు కేబుల్లోనే అందే కరెంటు) ఒక్కో ఛానెల్‌కు విడిగా ఉందా లేక అన్నిటికీ కలిపి ఒకటే మీటా, డైరెక్ట్ మానిటరింగ్ (కంప్యూటరు దాకా పోకుండా గొంతును నేరుగా వినడం) ఎలా ఆన్ చేయాలి, ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) ఎంత.

ఈ చివరిది వీణ వాళ్లకు బాగా పనికొస్తుంది. వీణకు అతికించే కాంటాక్ట్ పికప్ చాలావరకు పియజో రకం, అంటే ఒత్తిడి పడితే కరెంటు పుట్టించే పదార్థం ఉన్నది. దాన్ని మైక్ ఇన్‌పుట్‌లోకో లైన్ ఇన్‌పుట్‌లోకో పెడితే మంద్రస్థాయి పోయి నాదం పీలగా, రేకు శబ్దంలా వస్తుంది. పికప్‌లో తప్పేమీ లేదు. పియజోకు ఎదురుగా తక్కువ ఇంపీడెన్స్ ఉంటే కింది ఫ్రీక్వెన్సీలు అక్కడే రాలిపోతాయి. 10 లక్షల ఓంలు, అంటే 1 మెగా ఓమ్ దాకా ఉండే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌లో పెట్టగానే అదే వీణ నిండుగా పలుకుతుంది. ఇది తెలియక ఈక్యూలో (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచే, తగ్గించే సాధనంలో) బేస్ పెంచుకుంటూ కూర్చునేవాళ్లు చాలామంది.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, కొత్తవాళ్లకు నేను చెప్పేది రీపర్. 60 రోజులు ఉచితంగా వాడి చూడనిస్తారు. దాని యూజర్ గైడ్ వందల పేజీల పీడీఎఫ్, అదీ ఉచితమే. మొత్తం చదవాల్సిన పని లేదు. రికార్డింగ్, రూటింగ్, ఎడిటింగ్ అధ్యాయాలు చదివి, పక్కనే సాఫ్ట్‌వేర్ తెరిచి చేసి చూడండి. బఫర్ (కంప్యూటరు ఒక్కసారికి పట్టుకునే శాంపిళ్ల సంఖ్య, ఆలస్యం దీన్నిబట్టే ఉంటుంది) లెక్క కూడా అక్కడే అర్థమవుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్లంటే 2.7 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కలిపి ఐదు పైన, డ్రైవర్ తీసుకునేది అదనం. పాడేటప్పుడు 64 లేదా 128, మిక్స్ చేసేటప్పుడు 512 లేదా 1024 పెట్టుకోండి. శాంపిల్ రేటు (సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలుస్తారో) 44.1, 48 కలిసిపోకుండా చూసుకోండి. 48లో పాడిన ఫైలును సాఫ్ట్‌వేర్ 44.1 అనుకుని వాయిస్తే వేగం 8 శాతం తగ్గుతుంది, ఒకటిన్నర శ్రుతిలో పాడిన పాట ఒకటి శ్రుతికి కూడా కిందికి జారిపోతుంది. వీడియో కోసమైతే మొదటినుంచీ 48లోనే ఉండండి.

ఇంటర్ భౌతికశాస్త్రం మళ్లీ తెరవండి

నవ్వొచ్చినా సరే, ఇది గట్టిగా చెబుతాను. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం ఫిజిక్సులోని తరంగాల పాఠం రికార్డింగ్ నేర్చుకునేవారికి తెలుగులో దొరికే మంచి పునాది. తెలుగు అకాడమీ పుస్తకం పాత పుస్తకాల షాపుల్లో దొరుకుతుంది. స్థిర తరంగాలు, అస్పందన బిందువులు, ప్రస్పందన బిందువులు, విస్పందనాలు అన్నీ అందులో ఉన్నాయి. రెండు చివరలా బిగించిన తీగకు ప్రాథమిక పౌనఃపున్యం వేగాన్ని రెండింతల పొడవుతో భాగిస్తే వస్తుందని పరీక్ష కోసం బట్టీ పట్టాం గదా, ఎదురెదురు గోడల మధ్య గాలికి కూడా అదే సూత్రం. మన స్టూడియో గదిలో సగం కష్టాలు ఆ ఒక్క సూత్రంలోనే ఉన్నాయి.

అక్కడినుంచి నేరుగా ఎఫ్. ఆల్టన్ ఎవరెస్ట్ రాసిన ‘మాస్టర్ హ్యాండ్‌బుక్ ఆఫ్ అకౌస్టిక్స్’కి వెళ్లండి. తొలి కూర్పు 1981లో వచ్చింది, తర్వాతి కూర్పులకు కెన్ పోల్‌మన్ చేయి కలిపారు. లావుపాటి పుస్తకం. మొదటి విడత చదవాల్సింది వినికిడి గురించిన అధ్యాయం, ప్రతిధ్వనులు, శోషణ, గది మోడ్స్ (గోడల మధ్య నిలిచే స్థిర తరంగాలు), ఇంతే. ధ్వని వేగాన్ని సెకనుకు 1130 అడుగులుగా తీసుకుంటారు. గదులను అడుగుల్లోనే చెప్పుకునే మనకు ఇది సుఖం. 565ను గది కొలతతో, అడుగుల్లో, భాగిస్తే ఆ దిక్కున మొదటి మోడ్ హెర్ట్జ్‌లో వస్తుంది.

ఇప్పుడు మన ఇళ్లలో తరచూ కనబడే గదిని తీసుకుందాం: 10 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు. మూడు దిక్కులా మొదటి మోడ్ 56.5 హెర్ట్జ్, రెండోది 113, మూడోది 169. మూడు దిక్కుల మోడ్స్ వేరువేరు చోట్ల పడాల్సింది పోయి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. 113 హెర్ట్జ్ అంటే మగవారి మాట గొంతు ఉండే చోటే. అందులోనూ గది నడిమధ్యలో రెండో మోడ్ పీడనం గరిష్ఠంగా ఉంటుంది, మొదటి మోడ్ పీడనం దాదాపు సున్నా అవుతుంది. గది మధ్యలో మైకు పెట్టి పాడితే గొంతు ఒక స్వరం దగ్గర ఉబ్బి, పక్క స్వరం దగ్గర మామూలుగా వినిపించేది ఇందుకే. అదే మధ్యలో కూర్చుని మిక్స్ చేస్తే 56 దగ్గరి బేస్ అసలు వినబడదు. వినబడటం లేదని పెంచుతాం, కారులో వినగానే డోర్లు అదురుతాయి.

ఎవరెస్ట్ పుస్తకం చదివేటప్పుడు మన గోడల సంగతి గుర్తుంచుకోవాలి. జిప్సం బోర్డు గోడ కింది ఫ్రీక్వెన్సీలకు కాస్త కదులుతుంది, కొంత శక్తిని మింగేస్తుంది, ఇంకొంత బయటికి పోనిస్తుంది. 9 అంగుళాల ఇటుక గోడ కదలదు. బేస్ అంతా గదిలోనే తిరుగుతుంది. అమెరికా ఇంటికి మూలల్లో బేస్‌ను మింగే రెండు ట్రాప్‌లు చాలని రాసినచోట మనకు నాలుగు మూలలూ కావాలి. 4 అంగుళాల మందం, ఘనమీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ పలకలను చెక్క ఫ్రేములో పెట్టి, పల్చటి గుడ్డ చుట్టి, గోడకు 4 అంగుళాల ఎడంగా నిలపండి. వెనక ఖాళీ వదిలితే అదే మందం ఇంకా కింది ఫ్రీక్వెన్సీ దాకా పనిచేస్తుంది. కోసేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి.

గుడ్ల అట్టలు మాత్రం అతికించకండి. అంగుళం ఫోమ్ కూడా దాదాపు అంతే. రెండూ పై ఫ్రీక్వెన్సీలను కొద్దిగా తగ్గిస్తాయి, 113 దగ్గరి బూమును తాకవు. పైభాగం చచ్చిపోయి కిందిభాగం మిగిలిన గది, ఏమీ అతికించని గది కన్నా చెడ్డగా వినిపిస్తుంది. డబ్బు లేకపోతే పత్తి పరుపులు మూలల్లో నిలబెట్టండి, బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి ఉంచండి.

ఈ పుస్తకానికి తగ్గ పరీక్ష: రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని, మైకును మీ చెవులుండే చోట పెట్టి 20 నుంచి 300 హెర్ట్జ్ దాకా స్వీప్ (కింది నుంచి పైకి జారే ఒక స్వరం) కొలవండి. కుర్చీని ముందుగోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరానికి జరిపి మళ్లీ కొలవండి. ఆ 38 శాతం మొదలుపెట్టడానికి ఒక చోటు మాత్రమే. అక్కడినుంచి అరడుగు ముందుకూ వెనక్కూ జరుపుతూ, గ్రాఫులో లోయలు ఎక్కడ తక్కువగా ఉన్నాయో అక్కడ కూర్చోండి. లోయను ఈక్యూతో నింపాలని చూడకండి. అక్కడ రెండు తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి, లెవెల్ పెంచితే రెండూ పెరిగి మళ్లీ కొట్టేసుకుంటాయి.

అన్నిటికీ ఒక పెద్ద పుస్తకం

‘మోడర్న్ రికార్డింగ్ టెక్నిక్స్’. రాబర్ట్ రన్‌స్టీన్ 1974లో రాసిన పుస్తకం, తర్వాత డేవిడ్ మైల్స్ హ్యూబర్ కొనసాగించారు. ఇది నవలలా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేది కాదు. మైకుల రకాలు, కేబుళ్లు, డిజిటల్ ఆడియో, సిగ్నల్ ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు ఎలా పోతుంది అన్నవి ముందు చదివి, మిగిలింది అవసరం పడ్డప్పుడు తీయండి. సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌షాట్ల పేజీలు త్వరగా పాతబడతాయి, మైకుల పేజీలు పాతబడవు.

పాత కూర్పులు, పాత వ్యాసాలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. టేపు రోజుల్లో టేపు హిస్ పైకి తేలకుండా సిగ్నల్‌ను వీలైనంత ఎక్కువ లెవెల్‌లో ఎక్కించమనేవారు. 24 బిట్ రికార్డింగుకు ఆ అవసరం లేదు. 16 బిట్‌కు సిద్ధాంతం ప్రకారం 96 డెసిబెళ్ల పరిధి, 24 బిట్‌కు 144. అసలు పరిమితి గదిలోని ఫ్యాను, రోడ్డు శబ్దం. సాఫ్ట్‌వేర్ మీటరు మీద సగటు మైనస్ 18 డెసిబెళ్ల దగ్గర, పీకులు (ఒక్కసారిగా లేచే శిఖరాలు) మైనస్ 10 దాటకుండా గెయిన్ (మైకు సిగ్నల్‌ను పెంచే మీట) పెట్టండి. పాడేవారు రిహార్సల్‌లో కన్నా టేక్‌లో గట్టిగా పాడతారు. తారస్థాయి షడ్జమం ఒకసారి పాడించి, దాన్నిబట్టి గెయిన్ కుదుర్చుకోండి, పల్లవిని బట్టి కాదు.

హమ్ (కరెంటు లైను నుంచి వచ్చే గుంయ్ శబ్దం) గురించి చదివేచోట 60, 120 అని ఉంటే 50, 100 అని దిద్దుకోండి. 60 దగ్గర సన్నగా కోసే ప్రీసెట్ మన హమ్మును ముట్టుకోదు, పైగా బేస్‌లో కొంత తీసేస్తుంది. మెత్తగా ‘మ్‌మ్’ అంటే 50 హెర్ట్జ్, చాలాసార్లు రెండు పరికరాలు వేర్వేరు ప్లగ్గుల్లో ఉండి ఏర్పడిన గ్రౌండ్ లూప్ (ఎర్తు తీగల మధ్య తిరిగే కరెంటు). అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చి చూడండి. ‘జ్‌జ్’ అని గరగరలాడితే ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, లైటు డిమ్మర్, లేదా స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద అనుమానపడండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి, బ్యాటరీ మీద, యూఎస్‌బీ నుంచే పవర్ తీసుకునే ఇంటర్‌ఫేస్‌తో రికార్డు చేస్తే ఆ గరగర పోతుంది. హమ్ తగ్గుతుందని ప్లగ్గులోని ఎర్తు పిన్ను తీసేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. గాయకుడి పెదాలు ఇనుప జాలీ ఉన్న మైకుకు తగులుతూ ఉంటాయని మరిచిపోవద్దు.

మైకు ఎక్కడ పెట్టాలి

దీనికి షూర్ కంపెనీ ఉచితంగా ఇచ్చే ‘మైక్రోఫోన్ టెక్నిక్స్ ఫర్ రికార్డింగ్’ అనే చిన్న పుస్తకం చాలు. ఒక పూటలో అయిపోతుంది. అది నచ్చితే మైకులు తయారుచేసే డీపీఏ వాళ్ల వెబ్‌సైటులోని మైక్రోఫోన్ యూనివర్సిటీ వ్యాసాలు, ఆపైన మైక్ సీనియర్ రాసిన ‘రికార్డింగ్ సీక్రెట్స్ ఫర్ ది స్మాల్ స్టూడియో’. చదువుతూ ఈ పరీక్ష చేయండి: ఒకే చరణాన్ని 5, 15, 30, 60 సెంటీమీటర్ల దూరాల నుంచి పాడించి, నాలుగింటి లెవెలూ సమానం చేసి వినండి. కార్డియాయిడ్ మైకు (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) దగ్గరికి వచ్చేకొద్దీ బేస్ ఎలా పెరుగుతుందో, దూరం రెట్టింపైనప్పుడల్లా గది ఎంత ముందుకొస్తుందో ఆ నాలుగు ముక్కల్లో తెలుస్తుంది. లెవెల్ సమానం చేయకుండా పోల్చకండి. గట్టిగా వినిపించేదే బాగున్నట్టు అనిపిస్తుంది.

తెలుగు గొంతుకు 15 నుంచి 20 సెంటీమీటర్లు, మధ్యలో పాప్ ఫిల్టర్. ‘ప, భ, ఫ, ధ’ల గాలి దెబ్బ నేరుగా తగలకుండా మైకును నోటికి కొంచెం పక్కనుంచి, 20 డిగ్రీలు వాల్చి పెట్టండి. సాహిత్యం పెట్టుకునే స్టాండును మైకు వెనకే నిటారుగా నిలబెడితే దానిమీద తగిలి వచ్చిన శబ్దం ఆలస్యంగా మైకును చేరుతుంది. ఆ దారి 34 సెంటీమీటర్లు ఎక్కువైతే ఆలస్యం 1 మిల్లీసెకను, అప్పుడు 500, 1500, 2500 హెర్ట్జ్‌ల దగ్గర శబ్దం కోతపడుతుంది. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. స్టాండును వాల్చి, మీద ఒక తువ్వాలు వేస్తే చాలు.

ఈ పుస్తకాల్లో మృదంగం ఉండదు. ఆ లోటు తీర్చే రచన ఒకటుంది, అదీ మన దేశంలోనే పుట్టింది. సి.వి. రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో భారతీయ తాళవాద్యాల మీద ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. 1934లో ‘ది ఇండియన్ మ్యూజికల్ డ్రమ్స్’ అనే పెద్ద వ్యాసం ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో వచ్చింది. మామూలు డోలు చర్మం మోగినప్పుడు వచ్చే అతిస్వరాలు ప్రాథమిక స్వరానికి పూర్ణ గుణిజాలు కావు, అందుకే దానికి స్పష్టమైన శ్రుతి ఉండదు. మృదంగం, తబలా కుడి మూత మధ్యలో వేసే నల్లటి పూత ఆ లెక్కను మార్చేస్తుంది. చర్మం మీద సన్నటి ఇసుక చల్లి, కదలని గీతలను గుర్తించి, తొమ్మిది రకాల కంపనాలు ఐదు హార్మోనిక్స్‌గా సర్దుకుంటాయని రామన్ చూపించారు. గణితం కష్టమైనచోట దాటేయండి, బొమ్మలు మాత్రం నిదానంగా చూడండి.

ఇది రికార్డింగుకు ఎలా పనికొస్తుందంటే, డ్రమ్ కిట్టు గురించి రాసిన ప్రతి పుస్తకంలోనూ ‘మోగుతూ ఉండే స్వరాన్ని వెతికి సన్నటి ఈక్యూతో కోసేయండి’ అని ఉంటుంది. స్నేర్ డ్రమ్ముకు అది మంచి సలహా. మృదంగానికి చేస్తే మీరు కోసేది శ్రుతినే. ఒకటిన్నర శ్రుతి గాయకుడి మధ్యస్థాయి షడ్జమం దాదాపు 138.6 హెర్ట్జ్, దాని గుణిజాలు 277, 416, 554. ఆ చోట్ల సన్నటి కోత పెట్టారంటే మృదంగం అట్టపెట్టెలా వినిపిస్తుంది. ‘చాపు’లో నాదం ఉండదు. కోయాల్సి వస్తే వెడల్పుగా, 2 డెసిబెళ్లకు మించకుండా కోయండి, అదీ 300 నుంచి 500 మధ్య గది బూము ఉందని రూఢి అయ్యాకే.

మైకులు రెండుంటే కుడి మూతకు, ఎడమ మూతకు 25 సెంటీమీటర్ల దూరంలో ఒక్కొక్కటి. ఎడమ మూత కొట్టగానే అది లోపలికి పోతుంది, లోపలి గాలి కుడి మూతను బయటికి తోస్తుంది. ఎదురెదురుగా ఉన్న రెండు మైకులూ దీన్ని వ్యతిరేక దిశల్లో పట్టుకుంటాయి. అందుకే రెండూ కలిపినప్పుడు ‘తోం’ బలహీనపడుతుంది. ఒక మైకుకు పోలారిటీ మీట (సిగ్నల్‌ను తలకిందులు చేసేది) తిప్పి, మోనోలో విని, ఏ స్థితిలో అడుగు నిండుగా ఉందో దాన్ని ఉంచండి. ఒక్క మైకే ఉంటే ముందువైపు రెండు మూడు అడుగుల దూరంలో, మృదంగం మధ్యకు చూస్తూ, కొంచెం పైనుంచి. ఎడమ మూతకు పూసే తడి రవ్వ ఏసీ గాలికి ఆరిపోయేకొద్దీ శ్రుతి పైకి పోతుంది, అప్పుడు మొదటి టేకుకూ ఐదో టేకుకూ అతుకు కుదరదు. ప్రతి టేకు ముందూ ఒక ‘తోం’ విడిగా రికార్డు చేసి పెట్టుకోండి, తేడా వెంటనే పట్టుబడుతుంది.

వీణకు కుండ పైభాగం నుంచి 35 సెంటీమీటర్లు, గుర్రం వైపు చూస్తూ ఒక కండెన్సర్ మైకు. మెట్ల వైపు జరిపితే గోరు, వేలి చప్పుడు పెరుగుతుంది. బొబ్బిలి వీణలా ఒకే పనస దుంగతో చేసిన వాటికి నాదం నిలిచే కాలం ఎక్కువ, మైకు అరడుగు వెనక్కి జరిపినా బాగుంటుంది. డప్పుకు మైనస్ 10 లేదా 20 డెసిబెళ్ల ప్యాడ్ (లెవెల్ తగ్గించే మీట) పెట్టి మూడడుగులు దూరం.

మిక్సింగ్

చిన్న గదిలో పనిచేసేవారు ఒక్క మిక్సింగ్ పుస్తకమే కొనగలిగితే మైక్ సీనియర్ రాసిన ‘మిక్సింగ్ సీక్రెట్స్ ఫర్ ది స్మాల్ స్టూడియో’ కొనండి. 2011లో వచ్చింది, రెండో కూర్పు 2018లో. ఇది మిగతావాటికన్నా ఎందుకు మేలంటే, ఈక్యూ, కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని తగ్గించే సాధనం) జోలికి వెళ్లేముందు బోలెడు పేజీలు వినడం మీదే ఉంటాయి: స్పీకర్లు ఎక్కడ పెట్టాలి, ఒకే చిన్న స్పీకరు మీద మోనోలో ఎందుకు వినాలి, కింది ఫ్రీక్వెన్సీలను నమ్మలేని గదిలో ఎలా నెట్టుకురావాలి. ఆ తర్వాత టేకుల్లోంచి మంచి ముక్కలు ఏరుకోవడం, టైమింగు, శ్రుతి సర్దడం. ఈక్యూ దాకా వచ్చేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. పుస్తకానికి అనుబంధంగా ఆయన వెబ్‌సైటులో ఉచిత మల్టీట్రాకులు (ఒక్కో వాద్యం, గొంతు విడివిడిగా ఉన్న పాటలు) వందల్లో ఉన్నాయి. సొంత రికార్డింగు లేనివారు కూడా వాటిమీద చేయి తిప్పుకోవచ్చు.

కంప్రెసర్ అధ్యాయం చదివేటప్పుడు కాగితం మీద లెక్క వేయండి. త్రెషోల్డ్ (తగ్గించడం మొదలయ్యే గీత) మైనస్ 20, రేషియో (ఎన్నో వంతుకు తగ్గించాలో) 4కు 1, లోపలికి వచ్చింది మైనస్ 12. గీత దాటింది 8 డెసిబెళ్లు, బయటికి పోయేది దానిలో నాలుగో వంతు, అంటే 2. ఫలితం మైనస్ 18, తగ్గింది 6. ఈ లెక్క చేతికి వచ్చాక అటాక్ (తగ్గించడానికి తీసుకునే సమయం) తిప్పి వినండి. మృదంగం మీద 1 మిల్లీసెకను అటాక్ పెడితే దెబ్బ మొన విరిగిపోతుంది, 25 పెడితే మొన నిలిచి వెనక నాదం పైకొస్తుంది.

ఇంగ్లీషు పాటల కోసం చెప్పిన నాయిస్ గేట్ (చిన్న శబ్దాలను మూసేసే సాధనం) సెట్టింగులు తెలుగు పాటకు ఉన్నపళంగా పెట్టకండి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, పాటలో ఆ అచ్చే సాగి మెల్లగా తగ్గుతుంది. గేటు దాన్ని మధ్యలో నరికేస్తుంది, ‘రారా’లో చివరి దీర్ఘం పోతుంది. చరణాల మధ్య ఖాళీలను చేత్తో ఫేడ్ చేయడమే మంచిది. ‘స, శ, ష’లు గుచ్చుకుంటే, ఆ బుసబుసను తగ్గించే డీఎస్సర్‌ను 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య వెతికి, 3, 4 డెసిబెళ్లకు ఆపండి. ఎక్కువైతే ‘స’ నత్తిగా మారుతుంది.

దీనికి జోడుగా జేసన్ కోరీ రాసిన ‘ఆడియో ప్రొడక్షన్ అండ్ క్రిటికల్ లిజనింగ్’. చెవికి తర్ఫీదు ఇచ్చే సాఫ్ట్‌వేర్ పాఠాలు దానితో వస్తాయి. రోజుకు 15 నిమిషాలు మించొద్దు, చెవి అలసిపోయాక చేసిన అభ్యాసం నిలవదు. మిక్స్ చేసే వాల్యూమ్ కూడా ఒకేచోట ఉంచండి. ఫ్లెచర్, మున్సన్ 1933లోనే కొలిచి చూపించినట్టు, వాల్యూమ్ తగ్గేకొద్దీ చెవికి బేస్ ఇంకా వేగంగా తగ్గిపోతుంది. పుస్తకాల్లో 83 డెసిబెళ్లని ఉంటుంది, అది పెద్ద గదులకు. మన 10 అడుగుల గదికి 73 నుంచి 76 చాలు.

మాస్టరింగ్, లౌడ్‌నెస్

బాబ్ క్యాట్జ్ రాసిన ‘మాస్టరింగ్ ఆడియో’ మొదట 2002లో వచ్చింది. ఏడాదైనా మిక్సులు చేశాకే తెరవండి, అప్పుడే అందులోని డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే సన్నటి రొద), మీటర్లు, డైనమిక్స్ అధ్యాయాలు పట్టుబడతాయి. లౌడ్‌నెస్ కోసం మాత్రం ఎవరో చెప్పిన మాటలు కాకుండా అసలు పత్రాలే చదవండి, ఉచితంగా దొరుకుతాయి. కొలిచే పద్ధతి ఐటీయూ (అంతర్జాతీయ టెలికం సంస్థ) వారి బీఎస్ 1770, యూరప్ ప్రసార సంస్థల ఆర్ 128 దాని మీద ఆధారపడి మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ అంటుంది. ఎల్‌యూఎఫ్‌ఎస్ అంటే చెవికి తోచే గట్టిదనపు కొలమానం. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటలను మైనస్ 14కు సర్దుతుంది. మీరు లిమిటర్‌తో నలిపి మైనస్ 7కు తెచ్చినా అక్కడ 7 డెసిబెళ్లు తగ్గించేస్తారు, మిగిలేది నలిగిన శబ్దమే. వీణ, వేణువు కచేరీని మైనస్ 18 దగ్గరే వదిలేయడానికి భయపడకండి. ట్రూ పీక్ (శాంపిళ్ల మధ్య లేచే అసలు శిఖరం) మైనస్ 1 దాటనివ్వకపోతే ఎంపీ3గా మారినప్పుడు చిట్లే అవకాశం తగ్గుతుంది.

పత్రికల్లో ఇంగ్లండు నుంచి 1985 నుంచీ వస్తున్న ‘సౌండ్ ఆన్ సౌండ్’ పాత వ్యాసాలు వెబ్‌సైటులో చాలావరకు ఉచితం. కొత్త పరికరాల రివ్యూలు పక్కనపెట్టి, రికార్డింగ్ టెక్నిక్ వ్యాసాలు వెతకండి. అమెరికా నుంచి 1996లో మొదలైన ‘టేప్ ఆప్’లో ఇంజనీర్ల ఇంటర్వ్యూలు బాగుంటాయి, తక్కువ సామానుతో పనిచేసినవాళ్ల మాటలు అందులో ఎక్కువ.

కొత్త కూర్పులు ఖరీదైనవి. ఎవరెస్ట్ పుస్తకం పాత కూర్పైనా నిశ్చింతగా కొనండి, గదుల భౌతికశాస్త్రం మారలేదు. ‘మోడర్న్ రికార్డింగ్ టెక్నిక్స్’ పాత కూర్పు దొరికితే టేపు మెషిన్ల అధ్యాయాలు దాటేయండి, మైకుల అధ్యాయం ఉంచుకోండి. ‘మాస్టరింగ్ ఆడియో’ మాత్రం కొత్తదే తీసుకోండి, లౌడ్‌నెస్ కొలిచే పద్ధతి మొదటి కూర్పు వచ్చాకే మారింది.